పొత్రమ్మకి ఆకలేసింది

“ముట్టుకుంటే చేతులు పడిపోతాయండీ. తర్వాత నన్నంటే కాదు.”

“పొత్రం ముట్టుకుంటే చేతులు పడిపోయేట్టయితే మా అమ్మకి ఎప్పుడో పడిపోవాలి జక్కయ్యా.”

“అప్పుడది పొత్రం సార్. ఇప్పుడు కాదుగా.”

జయకృష్ణ ట్రాలీ ఆటో ఆపి దిగేసరికి తగాదా ఇక్కడిదాకా వచ్చింది. విజయవాడ వన్ టౌన్‌లో, హోల్‌సేలు కొట్ల వెనక సందులో ఉన్న మునిసిపల్ హైస్కూలు గేటు అది. ఒక పక్క హెడ్మాస్టరు సంజీవరావు గారు, కర్చీఫుతో మెడ తుడుచుకుంటూ. ఇంకో పక్క పూలబండి జక్కయ్య, బండికీ గోడకీ మధ్య అడ్డంగా నిలబడి. వాళ్లిద్దరి మధ్యా గోడకి ఆనించి ఒక చిన్న సిమెంటు గట్టు, దాని మీద పసుపు రాసిన నల్లరాయి. రేకు కళ్లు అతికించారు. ఎర్ర జాకెట్టు గుడ్డ చుట్టారు. ముందు కొబ్బరి చిప్పలు, కర్పూరం మసి.

“ఒక రాయి తీసుకెళ్లాలిరా, గునపం తెచ్చుకో” అని హెడ్మాస్టరు గారు ఫోన్ చేస్తే ఏ పాత పునాదిరాయో అనుకుని వచ్చాడు జయకృష్ణ. వానలు మొదలైన దగ్గర్నుంచీ ఉయ్యూరు వైపు లోడ్లు తోలుతూ ఈ సందు మొహం చూడలేదు. వంగి చూశాడు. రుబ్బురోట్లో తిరిగే పొత్రమే. నెత్తిన పిడి దిగ్గొట్టే బెజ్జం అలాగే ఉంది. అందులో ఎవరో అగరొత్తి గుచ్చారు.

మనసులో ఒకటి, నోట్లో ఒకటి పెట్టుకునే రకం కాదతను. ఇది మన స్కూలు వంటశాల పొత్రం కదండీ అని అందరి ముందూ అనేశాడు. జక్కయ్య అతన్ని కింది నుంచి పైకి చూసి, కళ్లున్నవాళ్లకి కనపడుతుందిలే ఏది ఏదో అన్నాడు. పూలు కొనడానికి ఆగిన ఇద్దరు ఆడవాళ్లు నవ్వారు. ఎవర్ని చూసి నవ్వారో చెప్పడం కష్టం.

హెడ్మాస్టరు గారు అతని భుజం మీద చెయ్యేసి లోపలికి తీసుకుపోయారు. నడుస్తూ నడుస్తూ గొంతు తగ్గించి చెప్పారు. సోమవారం పెద్దాఫీసరు తనిఖీకి వస్తున్నారట. గేటు పక్కన గుడి వెలిస్తే సమాధానం చెప్పుకోవాల్సింది తనేనట. అదొక్కటే అయితే ఫర్వాలేదు. ఎవరో ఫోన్ చేసి, ముస్లిం టీచరమ్మ మన పిల్లలతో దేవుళ్ల మీద కట్టుకథలు అల్లిస్తోందని పైవాళ్లకి ఫిర్యాదు పెట్టారట.

“మీ షహజాది మేడం గారి శనివారం క్లాసేరా. అక్కడే పుట్టింది ఆ పొత్రమ్మ” అన్నారాయన.

ఆ క్లాసంటే ఏమిటో జయకృష్ణకి ఒకరు చెప్పక్కర్లేదు. అతనూ అందులో కూర్చున్నవాడే.

షహజాది టీచర్ది ఈ ఊరే, ఇస్లాంపేట. నాన్న పేరు ఇమామ్, రేకు పెట్టెలు చేసేవారు. సుత్తి దెబ్బల మధ్యే చదువుకుని తెలుగు టీచరయ్యారావిడ. వాళ్లమ్మకి అక్షరం రాదు. కానీ నీళ్ల మీద నడుచుకుంటూ వచ్చి, దారి తప్పిన పడవలవాళ్లకి తోవ చూపించే పచ్చ అంగీ పెద్దాయన ఖిజర్ గురించి, నిన్ననే బజార్లో కనపడ్డాడన్నంత ధీమాగా చెప్పేదట. పక్క వాటాలో ఉండే మామ్మగారేమో, కృష్ణ పొంగి దుర్గమ్మ ముక్కుపుడకని తాకిన రోజున యుగం అయిపోతుందని చెప్పేవారట. అరుగు మీద అటు ఒకరు, ఇటు ఒకరు. మధ్యలో ఈ పిల్ల. ముక్కుపుడక దాకా నీళ్లొస్తే ఖిజర్ ఊరుకుంటాడా అని అడిగిందట ఒకసారి.

మొదటి ఉద్యోగం ఉయ్యూరు పక్క పల్లెలో. చెరుకు బళ్ల వెనక పరిగెత్తే పిల్లలు పాఠం చెబితే కునికేవాళ్లు, కథ చెబితే లేచి కూర్చునేవాళ్లు. సముద్రం అడుగు నుంచి గాలం వేసి దీవిని పైకి లాగిన ‘మావి’ అనే వీరుడి కథ, ఎక్కడో న్యూజిలాండు వాళ్లది, చెప్పారు. మరి మన చెరుక్కి కణుపులెందుకున్నాయో మీరు చెప్పండి అన్నారు. ఒక పిల్లాడు లేచి, చెరుకు ఆకాశానికి నిచ్చెన కాబోయిందండీ, అలుపొచ్చి కూర్చున్న చోటల్లా కణుపు పడిందండీ అన్నాడట. ఆ మాట చెప్పేటప్పుడు ఆవిడ మొహం ఇప్పటికీ వెలిగిపోతుంది. శనివారం క్లాసు ఆ రోజే మొదలైందంటారు.

బదిలీ మీద బదిలీ అయి చివరికి వన్ టౌన్‌కి వచ్చారు. క్లాసు వెంటే వచ్చింది. ఇప్పుడు సర్కారే శనివారాలు పుస్తకాల సంచి లేకుండా రమ్మంటోంది గానీ, ఆవిడకి ఎప్పుడూ అలాగే నడిచింది. పద్ధతి ఒకటే. ముందు ఎక్కడెక్కడి జనం కథలూ చెప్తారు. పిల్లలు వాళ్లిళ్లలో విన్నవి తెస్తారు. ఆ తర్వాత సొంతంగా ఒకటి పుట్టించాలి. ఎవరు ఏది చెప్పినా తప్పు అనరు, ఒప్పు అనరు. నిజంగా జరిగినట్టే తీసుకుని ఒక్క ప్రశ్న అడుగుతారు. మీ రాక్షసుడు ఎక్కడ పడుకుంటాడు? ఆ కొండకి జలుబు చేస్తే ఎలా? పిల్లాడు జవాబు వెతుక్కుంటూ కథలోకి ఇంకా లోతుగా దిగిపోతాడు.

ఆరో తరగతిలో జయకృష్ణ తోపుడుబండి చక్రం ఎందుకు కిర్రుమంటుందో చెప్పాడు. బరువు మోసే ప్రతివాడి మూలుగూ చక్రమే దాచిపెడుతుందన్నాడు. దాచుకోవడానికి చోటు చాలకపోతే ఏం చేస్తుందిరా అని అడిగారు టీచర్. వారం రోజులు అదే ఆలోచిస్తూ తిరిగాడు. బడిలో అతను వారం రోజులు ఆలోచించిన విషయం మరొకటి లేదు.

తర్వాత ఇంజనీరింగు, మూడో ఏడు మధ్యలో మానెయ్యడం. వాళ్ల నాన్న వెంకటకృష్ణారావు గారు కొడుకుతో మాటలు మానేశారు. చుట్టాలు మాత్రం మానలేదు, అదే పనిగా మాట్లాడారు. ఎందుకు మానేశావు, ఇప్పుడేం చేస్తావు, ఫలానా వాళ్లబ్బాయిని చూడు. ఒకరోజు మార్కెట్ దగ్గర షహజాది టీచర్ ఎదురొచ్చారు. ఈవిడ కూడా మొదలెడతారని పళ్లు బిగించుకుని నిలబడ్డాడు. ఆవిడ బండి వైపు చూసి, నీదేనా, ఇవాళ ఏం మోస్తున్నావు అని అడిగారు. ఉల్లిపాయలు అన్నాడు. స్కూలుకి రెండు అట్టపెట్టెల పుస్తకాలు చేర్చాలి, వస్తావా అన్నారు. అంతే. ఆ ఏడాది అతన్ని మనిషిలాగా పలకరించిన మనిషి ఆవిడ. ఇలాంటివి పైకి చెప్పుకోవడం అతనికి చేతకాదు. అందుకే ఆ స్కూలు నుంచి ఎప్పుడు ఫోనొచ్చినా, ఉన్న కిరాయి వదులుకుని వచ్చేస్తాడు.

ఈ పొత్రం సంగతి స్టాఫ్ రూములో కూర్చున్నాక తెలిసింది. బుడమేరు వరద తర్వాత రాజరాజేశ్వరిపేట నుంచి వచ్చే పిల్లలు సగం మంది వాన చినుకు పడితే చాలు కిటికీల వైపు చూసేవాళ్లట. అందుకని టీచర్ వరద కథలు ఎత్తుకున్నారు. చేప వచ్చి మనువు పడవని లాక్కెళ్లిన కథ. వరద వస్తోందని కాపరికి ముందే చెప్పిన లామా అనే గొర్రెలాంటి జంతువు కథ, దక్షిణ అమెరికా కొండల వాళ్లది. ఏంజెల్ అనే పిల్ల నోవహు ఓడ తెచ్చింది, ఇంకో పిల్లాడు అదే ఓడని నూహ్ కిష్తీ అంటూ తెచ్చాడు. పడవ ముందు మాదంటే మాదని కొట్టుకున్నారు. ఎవరిది ముందో తర్వాత చూద్దాం, మీ పడవలో వంట ఎవరు చేశారో చెప్పండి అన్నారు టీచర్. కొట్లాట అక్కడ ఆగింది.

ఆ తర్వాత, మన స్కూల్లో ఎవరికీ అక్కర్లేని వస్తువొకటి తీసుకుని, వరదని అదెలా ఆపిందో చెప్పమన్నారు. వంటశాలకి కరెంటు గ్రైండరు వచ్చాక మూలపడ్డ పొత్రాన్ని ఎనిమిదో తరగతి భానుశ్రీ ఎంచుకుంది. ఆ పిల్ల ఇంట్లో నీళ్లు మెడ దాకా వచ్చాయి. నాయనమ్మతో కలిసి డాబా మీద గడిపింది. ఆమె చెప్పిన కథ ఇది. ఊరు మునిగినప్పుడు పొత్రమ్మ రోట్లోంచి లేచి, వీధులే రోళ్లనుకుని గిరగిరా తిరిగింది. వరద నీళ్లని పిండిలా రుబ్బింది. పల్చటి నీళ్లు చిక్కబడ్డాయి. ముద్దలు ముద్దలుగా తీసి కొల్లేరు వైపు విసిరేసింది. ఆ ముద్దలకే రెక్కలొచ్చి కొంగలయ్యాయి.

పిల్లలు దాన్ని నాటకం వేశారు. పొత్రాన్ని గేటు బయట నీడలో పెట్టి పసుపు రాశారు, ఆట అయ్యాక లోపల పెట్టడం మర్చిపోయారు. ఈ ఏడు టీవీలో బుడమేరుకి హెచ్చరిక అని వచ్చిన రోజున, నాటకం చూసిన తల్లులు ముగ్గురు వచ్చి కొబ్బరికాయ కొట్టారు. వరద రాలేదు. ఇంకేం కావాలి? జక్కయ్య బండి ఇటు జరిపాడు, తనే సిమెంటు కలిపి గట్టు కట్టాడు. ఇప్పుడు మొక్కులు కూడా మొదలయ్యాయి.

హెడ్మాస్టరు గారు చెడ్డమనిషి కాదు, భయస్తుడు. ఆయన షహజాది టీచర్‌ని కూర్చోబెట్టి ఒక దారి చెప్పారు. రేపు పొద్దున ప్రార్థనలో, గేటు బయటివాళ్లకి కూడా వినపడేట్టు, మైకులో ఒక్క మాట చెప్పాలి. ఇది దేవత కాదు, మా పిల్లలు కల్పించిన కథ అని. జనం సర్దుకుంటారు, రాయి తీసేద్దాం, మీ క్లాసు మీకుంటుంది. లేదంటే ఆ క్లాసు ఆపెయ్యమని తనే కాగితం ఇవ్వాల్సి వస్తుందన్నారు.

ఆయన వెళ్లాక జయకృష్ణ ఆగలేకపోయాడు.

“చెప్పేయండి టీచర్. నిజమే కదా. ఇందులో ఆలోచించేదేముంది?”

“కల్పించినదంటే అబద్ధమని కాదురా. ఆ ముక్క పిల్లలకి ఎక్కించడానికి నాకు ఒక్కో బ్యాచికి ఏడాది పడుతుంది. మైకులో రెండు నిమిషాల్లో చెప్పడం నాకు రాదు.”

“జనం సంగతి వాళ్లు చూసుకుంటారు. మీ క్లాసు పోతుంది.”

“జనం సరే. భానుశ్రీ? వానొస్తే ఆ పిల్ల పొత్రమ్మ ఉందిలే అనుకుని పడుకుంటోందట. వాళ్ల నాయనమ్మ చెప్పింది. అందరి ముందూ నేను మైకు పట్టుకుని అదంతా ఉత్తిదే అనాలా?”

రేపు బండి తీసుకుని రానా వద్దా అని అడిగాడతను. రమ్మన్నారు.

శనివారం పొద్దున గేటు ముందు చిన్న తిరణాలలా ఉంది. రాయి తీసేస్తారన్న మాట రాజరాజేశ్వరిపేట దాకా పాకింది. ఆడవాళ్లు పళ్లేలు పట్టుకుని వచ్చారు. వాళ్లలో భానుశ్రీ నాయనమ్మ వెంకటరత్నమ్మ ముందుంది. జక్కయ్య బండి మీద పూలకంటే ఆవేశం ఎక్కువుంది. హెడ్మాస్టరు గారు మైకు మోయించుకుని గేటు దగ్గరికే వచ్చేశారు.

షహజాది టీచర్ మైకు అందుకోలేదు. భానుశ్రీని పిలిచి, రాయి ముందు తనూ గొంతుక్కూర్చున్నారు. క్లాసులో అడిగే గొంతుతోనే అడిగారు.

“అమ్మాయ్, మీ పొత్రమ్మ ఏం తింటుంది?”

భానుశ్రీ బిత్తరపోయి చుట్టూ చూసింది. హెడ్మాస్టరు గారు గడియారం చూసుకున్నారు. టీచర్ అలాగే కూర్చుని ఉన్నారు. ఆ పిల్ల రాయి వంక చూసింది, కొబ్బరి చిప్పల వంక చూసింది, మొహం కొంచెం కొంచెంగా మారింది.

“అప్పట్నుంచీ నీళ్లే రుబ్బింది కదా టీచర్. నోరంతా చప్పబడిపోయి ఉంటుంది. మినప్పప్పు కావాలంటుంది.”

ఎవరో కిసుక్కున నవ్వారు. వెంకటరత్నమ్మ నవ్వలేదు. “నిజమేనే. మేమంతా వచ్చి కాయలు కొట్టి, నీళ్లు పోసి పోతున్నాం. దానికి పప్పు వేసినవాళ్లు ఒక్కళ్లు లేరు” అంది.

అక్కణ్నుంచి కథ ఆడవాళ్ల చేతుల్లోకి పోయింది. పొత్రం అన్నాక దాని రోలు దానికుంటుంది, పాపం రోలు అక్కడ, తనిక్కడ అన్నారొకరు. మొగుణ్నీ పెళ్లాన్నీ విడదీసి పూజ చేస్తున్నామా అన్నారింకొకరు. వంటశాల వెనక రోలు అలాగే ఉంది, అందులో పిచికలు నీళ్లు తాగుతున్నాయని పిల్లలు అరిచారు. అయితే లోపలికి తీసుకెళ్లి, కడిగి, ఒక వాయి రుబ్బి, గారెలు వేసి నైవేద్యం పెడదామన్నారు.

జక్కయ్య ఒప్పుకోలేదు. పూజలందుకున్నదాన్ని పిండి రుబ్బిస్తారా అన్నాడు. పసుపు రాసిన చేతులే కదా పప్పు రుబ్బేవి, నీకు గారెలు చేదా అంది వెంకటరత్నమ్మ. చివరికి, అమ్మవారినే అడుగుదామన్నాడతను. పెద్ద చామంతి ఒకటి తీసి రాయి నెత్తిన పెట్టాడు. కుడివైపు పడితే లోపలికి వస్తానన్నట్టు, ఎడమవైపు పడితే ఇక్కడే ఉంటానన్నట్టు.

పువ్వు పడలేదు.

అందరూ చూస్తున్నారు. ఆకు కదలడం లేదు. టీచర్ చీర కొంగు వేళ్లకి చుట్టుకుంటున్నారు. హెడ్మాస్టరు గారు దగ్గబోయి ఆపుకున్నారు. ఇంక లాభం లేదు, ఇక్కడే ఉంటానంటోంది అని జక్కయ్య అనబోతున్నాడు. జయకృష్ణ వెనక్కి నడిచి బండెక్కాడు. గట్టుకి ఎడమ పక్కన ఉంది బండి. స్టార్ట్ చేసి, యాక్సిలరేటరు ఒక్క గుంజు గుంజాడు. పాత డీజిల్ బండి, దడదడలాడితే గోడ సున్నం రాలుతుంది. గట్టు వణికింది. చామంతి ఒకసారి ఊగి కుడివైపుకి దొర్లింది.

జక్కయ్య ఆ పువ్వుని కళ్లకద్దుకున్నాడు. ఆ తర్వాత ఇంకెవర్నీ చెయ్యి వెయ్యనివ్వలేదు. తనే గునపం పుచ్చుకుని గట్టు నుంచి రాయి వదులు చేసి, పసిబిడ్డని ఎత్తినట్టు ఎత్తుకుని వంటశాలకి మోశాడు. చేతులు పడిపోలేదు. మధ్యాహ్నానికి పేట ఆడవాళ్లు తలా కాసింత పప్పు నానబోసి తెచ్చారు. వంతులేసుకుని రుబ్బుతూ, చాలా రోజుల తర్వాత రోట్లో పిండి రుబ్బుతున్నామని వాళ్లలో వాళ్లే మురిసిపోయారు. భానుశ్రీ పొత్రం పట్టుకుని తిప్పింది. మొదట భయంగా, తర్వాత గిరగిరా. మొదటి గారె జక్కయ్యకే పెట్టారు. ప్రసాదంలా రెండు చేతులా అందుకున్నాడు. హెడ్మాస్టరు గారు స్టాఫ్ రూములో తలుపు దగ్గరేసుకుని తిన్నారు.

వెళ్తూ వెళ్తూ వెంకటరత్నమ్మ ఆయన గది ముందు ఆగింది. మీ టీచరమ్మ మా మనవరాలికి నిద్రపట్టించింది సారూ, ఆవిణ్ని ఏమన్నా అంటే బాగోదు అని, జవాబు కోసం చూడకుండా వెళ్లిపోయింది.

సోమవారం ఆఫీసరు వచ్చారు. గేటు దగ్గర ఖాళీ గట్టు, దాని మీద జక్కయ్య పూలబుట్ట. గుడి గొడవ లేదు. కానీ ఫోన్ ఫిర్యాదు మాత్రం ఆయన ఫైల్లో ఉంది. కొన్నాళ్లు ఆ పీరియడ్‌కి మేడం గారు దూరంగా ఉంటే అందరికీ మంచిదన్నారు. క్లాసు ఆపాలా అని హెడ్మాస్టరు గారు అడిగారట. ఆపమని నేననలేదే, పూర్వ విద్యార్థులెవరైనా వచ్చి నడుపుకోవచ్చు, తల్లిదండ్రుల కమిటీ ఒప్పుకుంటే చాలన్నారట. కమిటీలో వెంకటరత్నమ్మ కోడలుంది. ఒప్పుకోవడానికి అట్టే సేపు పట్టలేదు.

ఇదంతా షహజాది టీచర్ మర్నాడు సాయంత్రం ఆటో పక్కన నిలబడి చెప్పారు. జయకృష్ణకి ఒళ్లు మండింది. ఇన్నేళ్లు నడిపిన మనిషిని పక్కకి తప్పించి మంచిదంటారేమిటని గట్టిగానే అన్నాడు. ఆవిడకి కష్టంగా లేదని కాదు. కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకున్నారు. క్లాసు బతికిందిరా, ముందు దానికి సంతోషించు అన్నారు. ఇంతమంది ఇంత పప్పు తెచ్చి నన్ను నిలబెట్టారు, ఇంకేం అడగను అన్నారు. తర్వాత అడిగారు, ఆ పూట బండి ఎందుకు స్టార్ట్ చేశావని. ఎండగా ఉంది, నీడకి తీద్దామని అన్నాడతను. ఆవిడ చాలాసేపు నవ్వారు.

“కథలో ఎప్పుడు చెయ్యి పెట్టాలో నీకు తెలుసు. ఈ శనివారం నుంచి నువ్వు రా” అన్నారు.

అతను కంగారుపడ్డాడు. ఇంజనీరింగే మధ్యలో వదిలేసినవాణ్ని, రెండు నెలలు ఒకచోట కుదురుగా ఉండనివాణ్ని, పిల్లలకి ఏం చెప్తానన్నాడు. వాళ్లిళ్లలో ఊరుకుంటారా అన్నాడు. నోరు మంచిది కాదని కూడా అన్నాడు. అన్నీ విన్నారావిడ. ఒక్కదానికీ కాదనలేదు.

“నువ్వేం చెప్పక్కర్లేదు, వాళ్లే చెప్తారు. కుదిరినన్నాళ్లే చెయ్యి. నిన్ను ఒక్కటే అడుగుతున్నా నాన్నా. ఏ పిల్ల లేచి ఏ కథ చెప్పినా సరే, అది నిజమా అని మాత్రం అడక్కు.”